చంక దిగని తమ్ముడు

గెడ్డ ఒడ్డున కుండ తోముతూ తలెత్తి కూతుర్ని చూసిన బుద్రికి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కనక రాయి మీద నిలబడి ఉంది. తమ్ముడు చంకలో లేడు. నీళ్లకి సాయం రమ్మంటే వాణ్ని మామ్మ ఒళ్లో పెట్టి వచ్చింది. రెండు చేతులా పట్టుకోవాల్సిన నీళ్ల ఆనపబుర్రని కుడిచేత్తో మాత్రమే పట్టుకుంది. ఎడమచెయ్యి వంగి, అక్కడ లేని పిల్లాడి వీపుని కాస్తున్నట్టు గాల్లో ఉంది. ఎడమ నడుం పక్కకి పొడుచుకొచ్చి, మిగిలిన ఒళ్లంతా కుడివైపు ఒరిగింది.

"తిన్నగా నిలబడే," అంది బుద్రి.

పిల్ల ప్రయత్నం చేసింది. నడుం లోపలికి లాక్కుంది, చెయ్యి కిందికి దించింది. బుర్రలో నీళ్లు కుదుటపడేలోగా మళ్లీ ఎప్పటిలాగే ఒరిగిపోయింది.

"ఇదే తిన్నగా అమ్మా," అంది.

కొండ మీద ఎవరూ పిల్లల ఏళ్లు లెక్కపెట్టరు. దొరల మీద లేచిన పితూరీ అణచడానికి పోలీసులు ఊళ్ల మీద పడ్డ ఏడు కనక చంకలో పిల్ల, పోలీసులు కొండ దిగిపోయిన ఏడు సోంబరు పుట్టాడు, అంతే లెక్క. అలా చూస్తే కనకకి ఇప్పుడు ఆరు దాటి ఉంటుంది. సోంబరుకి ఇంకా రెండు నిండలేదు. ఆ రెండేళ్లూ వాడు అక్క చంకలోనే ఉన్నాడు. పోడుకి వెళ్లినా అక్కడే, సంతకి వెళ్లినా అక్కడే, అక్క అంబలి తాగుతున్నా అక్కడే. నిద్రపోయేటప్పుడు మాత్రం ఉట్టిలా కట్టిన చీరలో పడుకుంటాడు. నేల మీద ఒక్కసారీ కాలు పెట్టలేదు. పెట్టనివ్వలేదు.

అది ఊరి కట్టుబాటేమీ కాదు. కులం ఆచారమూ కాదు, ముహూర్తాలు చెప్పే దిసారి భీమన్న విధించిందీ కాదు. అత్త యర్రమ్మ సొంత మొక్కు. కనకకి ముందొక మగపిల్లాడు, తర్వాతొక మగపిల్లాడు పుట్టి, ఇద్దరూ పాకే వయసులోనే పోయారు. మొదటివాడు చలిజ్వరంతో, రెండోవాడు విరేచనాలతో. ఇద్దరి నోట్లోనూ మన్ను ఉందని యర్రమ్మ చెబుతుంది. ఉండే ఉంటుంది. పాకే పిల్లాడి నోట్లో మన్ను లేకపోతే ఆశ్చర్యపోవాలి. కానీ ముసలమ్మ గుండెలో ఆ మన్నే మిగిలిపోయింది. సోంబరు బొడ్డు ఊడిన రోజున వాణ్ని చేతుల్లోకి తీసుకుని దేవతకి మాటిచ్చేసింది. "ఈడి కాలు మన్ను తాకదు తల్లీ. మూడో ఇటికెల పండక్కి నీకు జుత్తిచ్చి, అప్పుడు దించుతాను." ఇచ్చిన మాట ఆవిడది. మొయ్యాల్సిన నడుం ఎవరిదో ఎవరూ అడగలేదు. బుద్రి పోడుకి వెళ్లాలి. యర్రమ్మకి మోకాళ్ల నొప్పులు. మొగుడు గాసి, మగాడు. అలా తిరిగి తిరిగి ఆ పిల్లాడు కనక మీదికి వచ్చి వాలాడు. అప్పటికి దానికి ఒక్క పాలపన్నూ ఊడలేదు.

"ఆడగుంటకి దేముడు నడుం దేనికిచ్చాడు మరి?" అంటుంది యర్రమ్మ. కోపంగా అనదు. సంతలో ఉప్పు దొరుకుతుంది అన్నంత మామూలుగా అంటుంది.

గాసి అయితే ఇంకా తేలిగ్గా తేల్చేస్తాడు. "గుంట మోత్తంది గదా. నీకేటి బరువు?"

ఆ రోజు కుండ నెత్తిన పెట్టుకుని కొండెక్కుతూ బుద్రి తన నడుం సంగతి తలుచుకుంది. తనకీ ఎడమవైపు కాస్త ఎత్తే. ముగ్గురు తమ్ముళ్లు ఎక్కి దిగిన నడుం అది. చిన్నవాడు దిగిన నెలకే పెళ్లి చేశారు. పిల్లని చూడ్డానికి వచ్చిన యర్రమ్మ తనని ముంగిట్లో అటూ ఇటూ నడిపించి, ఆ ఎత్తు నడుం చూసి, "మోతకి అలవాటైన గుంట, పనికొత్తాది," అని మెచ్చుకుంది. తను సంబరపడింది కూడా. ఇన్నేళ్లలో ఆ మాట ఎన్నోసార్లు గుర్తొచ్చింది గానీ, ఎప్పుడూ మెచ్చుకోలుగానే గుర్తొచ్చింది. ఇవాళ వెనక అడుగులు వేస్తున్న కూతురి నడక చప్పుడు వింటూంటే ఒంటికి నిప్పంటుకున్నట్టయింది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు నెమ్మదిగా. చంకలో ఎవరూ లేకపోయినా అలాగే పడుతున్నాయి.

ఇక సోంబరు కాళ్లు. దిట్టమైన కాళ్లే, ముద్దొచ్చే కాళ్లే. కానీ వేలాడతాయి. వాడికంటే రెండు నెలలు చిన్నదైన పక్కింటి పిల్ల కోళ్ల వెంట పరుగెడుతూంటే వీడు చంకలోంచి వేలు చూపించి కేరింతలు కొడతాడు. పట్టుకుని నిలబెట్టబోతే మోకాళ్లు పైకి లాక్కుంటాడు. చలికాలం వచ్చేసరికి ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. గాసి దిసారిని పిలిచాడు. భీమన్న బియ్యపు గింజలు విసిరి, చాలాసేపు చూసి, ఏదో గాలి సోకిందన్నాడు, నల్లకోడి కోయమన్నాడు. కోడిని కోశారు. కాళ్లు వేలాడుతూనే ఉన్నాయి. "కడుపుతో ఉన్నప్పుడు నువ్వేటి తిన్నావో," అంది యర్రమ్మ. బిడ్డ బాగుంటే ఆ ఇంటి రక్తం, బాగాలేకపోతే కోడలి తిండి. ఈ న్యాయం చెప్పడానికి దిసారి కూడా అక్కర్లేదు.

బుద్రికి అక్షరం రాదు. కానీ పిల్లలు ఎలా పెరుగుతారో చూస్తూనే పెరిగింది. ముగ్గురు తమ్ముళ్లు, ఊరినిండా పిల్లలు, కుక్కపిల్లలు, మేకపిల్లలు. ఏ పిల్లకీ ఎవరూ నడక నేర్పలేదు. బోర్లా పడుతుంది, తల ఎత్తుతుంది. ఎదురుగా ఏదో కనబడుతుంది, కావాలనిపిస్తుంది. చెయ్యి చాపితే అందదు. ఆ అందకపోవడమే దాన్ని ముందుకు లాగుతుంది. పడుతుంది, ఏడుస్తుంది, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూస్తుంది, ఎవరూ చూడకపోతే ఏడుపు మానేసి మళ్లీ లేస్తుంది. సోంబరుకి ఈ రెండేళ్లలో అందనిదంటూ ఏదీ లేదు. వాడు వేలు చూపించిన ప్రతిదాని దగ్గరికీ కనక నడిచి వెళ్లింది. వాడి బదులు అదే నడిచింది. మరి వాడెందుకు నడవాలి? నేల లేని పిల్లాడికి కాళ్లతో ఏం పని? ఈ ఆలోచన వచ్చిన రోజు బుద్రి తిరగలి తిప్పడం ఆపేసి కూర్చుండిపోయింది. ఇక కనక నేర్చుకోవాల్సినవో? దాని ఈడు పిల్లలు ఏ దుంప చేదో ఏది తీపో ఆకు చూసి చెబుతున్నారు, మామిడి కొమ్మల మీద కోతుల్లా ఊగుతున్నారు, చోడి చేలో పిట్టల్ని తోలడానికి పరుగులు పెడుతున్నారు. కనకకి నిలబడి నేర్చుకోగలిగినవే వచ్చు. జోలపాటలు వచ్చు. ఏడుపుల్లో తేడా వచ్చు. ఏ ఇంటి ముందు నీడ ఏ పొద్దుకి పడుతుందో వచ్చు. ఆ వయసుకే అమ్మ అయిపోయింది, పిల్ల కావడం మాత్రం తెలియలేదు.

గాసితో చెప్పింది. "మొక్కు మాయమ్మది. దాన్నడుగు," అన్నాడు. అత్తతో చెప్పింది. "మూడోవాణ్ని కూడా మన్నులో పెడతావేటి?" అంది. మొదటి ఇద్దర్నీ మన్నులో పెట్టింది ఆవిడ చేతులే. బుద్రికి ఆవిడ మీద కోపం వస్తుంది, ఆ చేతులు చూస్తే జాలీ వస్తుంది. రెండూ ఒక్కసారే వస్తే మనిషి ఏ పనీ చెయ్యలేదు.

అయినా ఒకసారి దొంగదారి పట్టింది. చోళ్లు నూర్చిన కళ్లంలో చాప పరిచి, చాప మీద వాణ్ని కూర్చోబెట్టింది. మన్ను తాకలేదు కదా, మొక్కు చెడదు కదా అనుకుంది. యర్రమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి చూసింది. అరవలేదు. అక్కడే కూలబడి నెత్తి కొట్టుకుంది. రెండు రోజులు అంబలి ముట్టలేదు. మూడో రోజు గాసి కనకని పిలిచి, సోంబరుని దాని చంకలో పెట్టి, "ఇంకెప్పుడూ దించకు," అన్నాడు. తప్పు చేసింది పెళ్లాం, ఆజ్ఞ మాత్రం కూతురికి. కనక తలూపి నడుం సర్దుకుంది.

ఇటికెల పండగ వచ్చింది. అంటే సోంబరుకి రెండోది, మొక్కు తీరడానికి ఇంకా ఏడాది. పండగ మొదలవగానే ఊళ్లో మగాళ్లందరూ విల్లంబులు పట్టుకుని వేటకి వెళ్లిపోతారు. మూడు నాలుగు రోజులు ఊరు ఆడవాళ్లది. ఎవరికీ వేళకి వండిపెట్టక్కర్లేదు. ఎప్పుడు పడితే అప్పుడు నవ్వచ్చు. పొద్దెక్కగానే డప్పులు కూడా ఆడవాళ్లే పుచ్చుకుని వీధి మధ్యలో థింసా మొదలుపెట్టారు. ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులు వేసుకుని వరస కట్టారు. ముసలాళ్లు, కోడళ్లు, ఆ వెనకే చిన్నపిల్లలు ఇంకో వరస.

కనక పక్కన నిలబడి చూస్తోంది. చంకలో సోంబరు డప్పు చప్పుడికి ఎగురుతున్నాడు. పిల్లల వరసలోంచి గంగ అనే పిల్ల కనక చెయ్యి పట్టి లాగింది. కనక తమ్ముడితో సహా వరసలోకి వెళ్లింది. రెండు అడుగులు ముందుకి, ఒకటి వెనక్కి, పాదం తిప్పి కొట్టడం. ఆ ఊళ్లో పుట్టిన ఏ పిల్లకైనా ఎవరూ చెప్పకుండానే వచ్చే ఆట. కనకకి రాలేదు. దాని కాలు తిరగలేదు. ఎడమ కాలు వెనకబడి పక్క పిల్ల కాలికి తగిలింది. వరస తెగిపోయింది.

"కుంటిది! కుంటి కనక!" అన్నారెవరో. పిల్లలందరూ నవ్వారు.

కనక ఏడవలేదు. తనూ నవ్వింది. పెద్దవాళ్లు తప్పు చేసి సర్దుకుంటూ నవ్వే నవ్వు అది. నవ్వి, తమ్ముణ్ని కాస్త పైకి ఎగదోసుకుని, వరసలోంచి వచ్చేసి తన చోట తను నిలబడింది. అది ఏడ్చి ఉంటే బుద్రి ఓదార్చి ఊరుకునేదేమో. ఆ నవ్వుని మాత్రం భరించలేకపోయింది. ఆ నవ్వు తనది. తను పదేళ్లుగా ఆ ఇంట్లో నవ్వుతున్న నవ్వు. అది కూతురి మొహం మీదికి ఎప్పుడెక్కిందో తనకి తెలియనే లేదు.

బుద్రి వరస విడిపించుకుని వచ్చింది. కనక చంకలోంచి సోంబరుని తీసుకుంది. వీధి మధ్యకి, అందరూ చూస్తూండగా నడిచి, అలికిన నేల కూడా కాదు, ఒట్టి ఎర్రమన్ను మీద వాణ్ని దించేసింది.

డప్పులు ఆగిపోయాయి.

సోంబరు మోకాళ్లు పైకి లాక్కున్నాడు. పట్టుకోవడానికి పైన ఎవరూ లేకపోయేసరికి దబ్బున కూలబడ్డాడు. కింద ఏదో గట్టిగా, వేడిగా తగిలింది. అదేమిటో అర్థంకాక వీధి దద్దరిల్లేలా గుక్కపట్టాడు. కనక ఒక్క ఉదుటున ముందుకొచ్చింది. బుద్రి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒగ్గేయ్. ఆణ్ని ఏడవనీ."

అరుగు మీంచి యర్రమ్మ కేక పెట్టింది. కర్ర కూడా మరిచిపోయి పడుతూ లేస్తూ వచ్చింది. "ఓలమ్మో, సంపేసింది! తల్లికి మాటిచ్చానే! ఎత్తవే, బేగి ఎత్తవే!"

"ఎత్తను అత్తా."

"ఆడికేటన్నా అయితే?"

"నీ మొక్కు తప్పించింది నాను. తల్లికి కోపమొత్తే నన్ను సూసుకుంతాది. ఆణ్ని కాదు, నిన్నూ కాదు."

ముసలమ్మ తనే వంగి ఎత్తబోయింది. మోకాళ్లు సహకరించలేదు, వంగిన మనిషి అలాగే కింద కూర్చుండిపోయింది. ఈలోగా సోంబరు ఏడుపు మధ్యలో చెయ్యి కింద ఆనించాడు. గుప్పిట్లోకి ఏదో వచ్చింది. చూశాడు, తిన్నగా నోట్లో పెట్టుకున్నాడు. యర్రమ్మ గొంతులోంచి వచ్చిన శబ్దానికి వీధిలో ఆడవాళ్లందరికీ ఒళ్లు జలదరించింది. ఆ ఒక్క గుప్పెడు మన్నులో ఆవిడకి ఇద్దరు పసివాళ్లు కనిపించారు. బుద్రికీ కనిపించారు. ఆమె కూడా పక్కనే కూర్చుని, వేలితో వాడి నోట్లో మన్ను తీసేసి, అదే చేత్తో అత్త చెయ్యి పట్టుకుంది.

"నాకూ బయ్యమే అత్తా. ఆళ్లని కన్నదాన్ని నానే గదా. కానీ ఈడు బతికుండి కుర్సీలో దొరలా కూకుంటే, దీన్ని మనం పల్లకీ బోయీని సేసేత్తన్నాం. సూడు దాని నడుం. ఒక్కసారి సూడు."

యర్రమ్మ చూసిందో లేదో తెలియదు. కళ్ల నిండా నీళ్లున్నాయి. కానీ మనవణ్ని ఎత్తమని మళ్లీ అనలేదు.

ఆ సాయంత్రం దాకా సోంబరు కూర్చున్నచోటే కూర్చుని, అందరి మీదా అలిగాడు. మర్నాడు ఒక కోడిపెట్ట వాడి ముందు నుంచి నింపాదిగా నడిచి వెళ్లింది. వాడు వేలు చూపించాడు. ఎవరూ తీసుకెళ్లలేదు. కోపంగా బోర్లా పడి, చేతులు నేలకి ఆనించి, ఒళ్లంతా బిగబట్టి తోశాడు. ముందుకి పోవాల్సిన పిల్లాడు వెనక్కి పోయాడు. కోడి దూరమైపోతోంది. ఇంకా గట్టిగా తోశాడు, ఇంకా వెనక్కి పోయాడు. బుద్రి రోకలి పక్కన పెట్టి నవ్వింది. చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వింది. పాకడం మొదలుపెట్టే పిల్లలు ఎంతోమంది వెనక్కే పోతారని ఆమెకి తెలుసు. తన చిన్న తమ్ముడు అలాగే పాకుతూ పొయ్యి దాకా పోయాడు. గాలీ లేదు, శాపమూ లేదు. వీడు ఎనిమిది నెలలప్పుడు నేర్చుకోవాల్సింది ఇప్పుడు నేర్చుకుంటున్నాడు, అంతే.

కష్టమంతా కనకతోనే వచ్చింది. దానికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తమ్ముడి వెనకే వంగి వంగి తిరిగింది.

"పోయి ఆడుకో," అంది బుద్రి.

"ఏటి ఆడాలి?"

తనూ ఎప్పుడూ ఆడలేదని బుద్రికి అప్పుడు గుర్తొచ్చింది. థింసా వరసలోకి లాగిన గంగే వచ్చి, ఏమీ చెప్పకుండా దాని వీపు మీద ఒక్కటి చరిచి పరుగెత్తింది. కనక తెల్లబోయి నిలబడింది. గంగ వెనక్కొచ్చి మళ్లీ చరిచింది. ఈసారి కనక వెంటపడింది. ఒరిగి ఒరిగి, ఎడమచెయ్యి గాల్లోనే పెట్టుకుని, వంకరటింకరగా పరుగెత్తింది. కాసేపటికి మోకాలు చెక్కుకుపోయి వచ్చింది. ఏడుస్తుందనుకున్న తల్లికి రక్తం కారుతున్న మోకాలు గొప్పగా చాపి చూపించింది. "నానే పడ్డాను," అంది. దెబ్బ మీద ఆకు పసరు పిండుతూ బుద్రి మొహం తిప్పేసుకుంది, కళ్లలో నీళ్లు పిల్లకి కనబడకుండా.

నాలుగో రోజు మగాళ్లు వచ్చారు. ఉత్త చేతులతో వచ్చారు. జంతువు దొరకని వేటగాళ్లకి ఆడవాళ్లు దారికి అడ్డంపడి పేడనీళ్లు కొడతారు, ఆ పూట ఏ మగాడూ కోపం తెచ్చుకోకూడదు. బుద్రి కుండెడు కలిపి పెట్టుకుంది. గాసి దగ్గర ఆమె గురి చుక్క కూడా తప్పలేదు.

పేడనీళ్లు కారుతూ, నవ్వుతూనే ముంగిట్లోకి వచ్చిన గాసి కొడుకుని చూసి ఆగిపోయాడు. సోంబరు ఒళ్లంతా మన్ను పూసుకుని, రోలు అంచు పట్టుకుని, వణుకుతున్న కాళ్ల మీద సగం లేచి ఉన్నాడు. పక్కనే చాప మీద యర్రమ్మ కూర్చుని ఉంది. చెయ్యి చాపి ఉంచింది గానీ పట్టుకోలేదు.

"ఎవులు దించారు?"

"నానే," అంది బుద్రి.

"మొక్కు?"

"అత్తకీ తల్లికీ నాను సెప్పుకున్నాను. జుత్తు వచ్చే ఏడు ఇత్తాం."

గాసి యర్రమ్మవైపు చూశాడు. ఆవిడ మనవణ్నే చూస్తోంది. అతను తనకి తోచిందే అన్నాడు. "మరి ఆ గుంట ఏటి సేత్తాది, ఆణ్ని ఎత్తుకోకుండా?"

బుద్రికి ఇదివరకెప్పుడూ రానంత కోపం వచ్చింది. దగ్గరికి వెళ్లి, అతని కుడి భుజం మీద కాయకాచిన చోట వేలు పెట్టింది.

"చలికాలంలో నిన్ను వెట్టికి పట్టుకుపోయారు. నాలుగు రోజులు ఎవులో దొర పెట్టెలు మోసొచ్చి, ఈ బుజం నాకు సూపించి ఏటన్నావు? 'అడగరు, పెట్టరు, తెచ్చి మెడ మీద పడేయడమే' అన్నావు. 'మనం మనుసులం కామేటి' అని ఏడ్చావు. నాను నూనె రాసాను. ఇది రెండేళ్లు మోసింది. ఎత్తుకుంతావా అని దాన్ని మన ముగ్గురిలో ఒక్కలైనా అడిగేమా?"

వీధిలో నవ్వులు, అరుపులు వినిపిస్తున్నాయి. గాసి తన భుజం తనే తడుముకున్నాడు. పేడనీళ్లు గడ్డం మీంచి కారి మన్నులో పడుతున్నాయి.

"గుంటని పిలు," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నడుం సూత్తాను."

బుద్రి వీధివైపు చూసింది. ఇంటి వెనక్కి వెళ్లి చూసింది. మామిడి చెట్టు కింద నలుగురైదుగురు పిల్లలున్నారు, వాళ్లలో లేదు. ఈ రెండేళ్లలో ఆ ఇంట్లో కనక ఎక్కడుందని ఎవరూ వెతికింది లేదు. సోంబరు ఏడుపు ఎక్కడ వినిపిస్తే అది అక్కడుండేది.

"ఏదీ?" అన్నాడు గాసి.

"తెలీదు," అంది బుద్రి. అంటూనే ఆమె మొహం వెలిగిపోయింది. "ఎక్కడికెల్లిందో నాకూ తెలీదు."

గాసి కంగారుగా వీధిలోకి అడుగు వేశాడు. యర్రమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"కూకోరా. ఆకలేత్తే అదే వత్తాది."